నాలుగో షరతు

ఏటా శ్రమదినాలు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు, దగ్గరపడేసరికి మన చర్చి గోడలమీద, కూడళ్ళలోని ఫ్లెక్సీలమీద ఒక వచనం వెలుస్తుంది: రెండవ దినవృత్తాంతములు 7:14. దేవుని పేరు పెట్టుకున్న జనం తమను తాము తగ్గించుకుని, ప్రార్థన చేసి, ఆయనను వెదకి, తమ చెడు మార్గాలను విడిచిపెడితే ఆయన వింటాడు, క్షమిస్తాడు, వారి దేశాన్ని బాగుచేస్తాడు. విశ్వాసాన్ని మళ్ళీ రగిలించే ఉజ్జీవ సభలు పెట్టేవారికి ఇంతకంటే ప్రియమైన వచనం లేదు. అందులో షరతులు నాలుగు. మొదటి మూడింటికీ మన దగ్గర ఏర్పాట్లు ఘనంగా ఉంటాయి. మోకరించడానికి పందిరి నిండా పట్టాలు పరుస్తారు, ఇరవయ్యొక్క రోజుల ఉపవాస ప్రార్థనలకు కరపత్రం వేస్తారు, దేవుణ్ణి వెదకడంలో మనకు సాయం చేయడానికి దూరప్రాంతం నుంచి దైవజనుణ్ణి పిలిపిస్తారు. నాలుగో షరతుకు మాత్రం కమిటీ ఉండదు, బడ్జెట్ ఉండదు, తేదీ ఉండదు.

నేను ఈ సభలకు దూరంగా నిలబడి రాయడం లేదు. పుట్టింటివైపు లూథరన్‌ను, అత్తింటివైపు బాప్టిస్టును. గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి ఈ రెండు మాటలు చెబితే మూడో మాట అడగనక్కరలేదు. మాది ఏ పల్లె, అంటే ఊరవతల ఏ కులపువాడ, అయి ఉంటుందో, మావారిది ఏ పల్లె అయి ఉంటుందో వారికి అర్థమైపోతుంది. మా పెళ్ళికి ఇరువైపుల అయ్యగార్లూ, అంటే పాస్టర్లూ, వచ్చి, ఇద్దరూ చేతులు చాచి దీవించారు. భోజనాల దగ్గర ఎవరూ చెప్పకుండానే రెండు పంక్తులు ఏర్పడ్డాయి. శాఖ పేరు చెబితే కులం తెలిసిపోయే పరిస్థితి ఒకటి ఉన్నప్పుడు, ఆ పరిస్థితి గురించి సంఘం ఎప్పుడైనా మోకరించిందా అని అడగాలనిపిస్తుంది. అడుగుతున్నాను.

నా వాదన ఇది. సంఘమంతా పశ్చాత్తాపపడటం అంటే ఒకే పందిరి కింద వెయ్యిమంది ఎవరికి వారు ఏడవడం కాదు. సంఘం సంఘంగా చేసిన తప్పు ఒకటుండాలి. దాన్ని పేరుపెట్టి పలకాలి. ఆ తప్పువల్ల ఎవరికి ఏది దక్కకుండా పోయిందో అది వారికి తిరిగి దక్కాలి. ఈ మూడూ లేనిచోట కూడా ఉజ్జీవం వస్తుంది. వచ్చినప్పుడు డ్రమ్ములు మోగుతాయి, పోయినప్పుడు ఎవరూ గమనించరు.

రాత్రంతా జరిగే ప్రార్థనల్లో మనం ఒప్పుకునే పాపాల జాబితాను ఒకసారి శ్రద్ధగా వినండి. సగం ఇంటి పాపాలు: తాగుడు, సీరియళ్ళు, ఫోను, బైబిలు చదవకపోవడం, దశమభాగం ఎగ్గొట్టడం. మిగతా సగం దేశపు పాపాలు: అవినీతి, రక్తపాతం, విగ్రహారాధన. మొదటివి నా ఒక్కదానివి. రెండోవి లోకమందరివి, అంటే ఆ పందిట్లో ఉన్నవారెవరివీ కావు. ఒకే శాఖకు ఒకే ఊళ్ళో రెండు చర్చిలు ఎందుకున్నాయి? సమాధుల తోటలో ఎవరికి ఎక్కడ చోటు? కమిటీ ఎన్నికల ముందురోజు రాత్రి ఏ పల్లెవి ఎన్ని ఓట్లని లెక్కలు కట్టేది ఎవరు? మిషనరీలు వదిలివెళ్ళిన స్థలాలు ఎవరి చేతుల్లోకి పోయాయి? ఇవి రెండు జాబితాల్లోనూ ఉండవు. ఇవి సంఘానివి కాబట్టి వీటికి మైకు దొరకదు.

సామూహిక పశ్చాత్తాపానికి నమూనాగా మన ప్రసంగీకులు ఎప్పుడూ తీసేది నెహెమ్యా తొమ్మిదో అధ్యాయం. ఏడో నెల ఇరవైనాలుగో రోజున ఇశ్రాయేలీయులు ఉపవాసముండి, గోనెపట్టలు కట్టుకుని, తలమీద ధూళి పోసుకుని కూడుకున్నారు. పగటిలో నాలుగోవంతు ధర్మశాస్త్రం చదివారు, మరో నాలుగోవంతు పాపాలు ఒప్పుకుంటూ ఆరాధించారు. అద్భుతమైన దృశ్యం, సందేహం లేదు. నా ఫిర్యాదు ఒక్కటే. తొమ్మిదికి వెళ్ళే తొందరలో మనవారు ఐదో అధ్యాయం మీదుగా దూకేస్తారు.

ఐదో అధ్యాయంలో యెరూషలేము గోడ కడుతున్న జనమే గోడు వెళ్ళబోసుకుంటారు. కరువులో తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువ పెట్టామంటారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశామంటారు. కొడుకుల్నీ కూతుళ్ళనీ దాస్యానికి అప్పగించాల్సి వచ్చిందంటారు. వారి ఫిర్యాదు పారసీక రాజుమీద కాదు, సాటి యూదులమీద. బబులోను చెరనుంచి కలిసి తిరిగివచ్చినవారు, ఒకే ఆలయం కోసం ఏడ్చినవారు, ఒకరి భూమిని ఒకరు రాయించుకున్నారు. పారసీక రాజు నియమించిన గవర్నరు నెహెమ్యా పెద్దలను పిలిచి, పెద్ద సభ పెట్టి అడిగాడు: అన్యులకు అమ్ముడుపోయిన మన సోదరులను మనం విడిపించుకుని తెచ్చాం, మీరు మళ్ళీ వారిని అమ్మేస్తారా? వారి దగ్గర జవాబు లేదు. నోరు మెదపలేదు. తరవాత అతను అడిగింది కన్నీళ్ళు కావు. పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవ తోటలు, ఇళ్ళు, నూటికి ఒకటి చొప్పున పుచ్చుకున్న వడ్డీ, అన్నీ ఆ రోజే తిరిగి ఇవ్వమన్నాడు. ఇస్తామన్నారు. అన్నమాట చాలక యాజకులను పిలిపించి ప్రమాణం చేయించాడు. తన ఒడి దులిపి, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలాగే దులిపేస్తాడన్నాడు. అప్పుడు సమాజమంతా ఆమేన్ అంది.

ఆ ఆమేన్ తరవాతే తొమ్మిదో అధ్యాయం. లెక్కలు తేలాక గోనెపట్ట. ఇంకో సంగతి కూడా ఉంది, చాలామంది గమనించరు. నేనూ, నా బంధువులూ, నా పనివారూ వారికి అప్పులిచ్చాం అని నెహెమ్యా ఆ సభలో తానే చెప్పుకున్నాడు. గవర్నరుగారు తన పద్దు కూడా బల్లమీద పెట్టి మాట్లాడాడన్నమాట. మన బిషప్పుల సర్క్యులర్లలో ఇలాంటి వాక్యం కోసం వెదికి వెదికి నాకు విసుగొచ్చింది.

అలాగని నెహెమ్యాను నెత్తిన పెట్టుకుని ఊరేగలేను. పరజాతి స్త్రీలను పెళ్ళాడినవారిని అతను పదమూడో అధ్యాయంలో శపించాడు, కొందరిని కొట్టాడు, వెంట్రుకలు పెరికించాడు. నాలాంటి పెళ్ళి చేసుకున్నదానికి ఆ పుటలు చదవడం కష్టం. మారుమనస్సు పేరుతోనే జనం తమ చుట్టూ గోడ ఎత్తుకోవచ్చునని అదే పుస్తకం చూపిస్తోంది. ప్రక్షాళన అనే మాట విన్నప్పుడు బయటికి వెళ్ళాల్సింది వడ్డీయా, కోడలా అని ఆగి చూసుకోవాలి. పరజాతి కోడలు, మోయాబీయురాలైన రూతు కథ మన బైబిల్లో ఉండటం నాకు పెద్ద ఊరట.

సామూహిక ఉజ్జీవం అనగానే తరచుగా చెప్పే ఇంకో ఉదాహరణ కొరియా. 1907 జనవరిలో ప్యాంగ్యాంగ్‌లోని చాంగ్‌డేహ్యాన్ చర్చిలో బైబిలు తరగతులకు దాదాపు 1500 మంది పురుషులు కూడుకున్నారు. సంఘపెద్ద గిల్ సాన్‌జు లేచి, నేను బైబిల్లో దోపుడు సొమ్ము దాచుకున్న ఆకానువంటివాణ్ణి, చనిపోయిన స్నేహితుడు నన్ను నమ్మి అప్పగించిన ఆస్తిలోంచి, ఆ విధవరాలికి చెందాల్సిన సొమ్ము కొంత ఉంచుకున్నాను, తిరిగి ఇచ్చేస్తాను అని ఒప్పుకున్నాడు. దాంతో కట్ట తెగింది. ఒకరి తరవాత ఒకరు లేచారు. తరవాతి రోజుల్లో జనం ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ అడిగారు, కాజేసిన డబ్బు తిరిగి ఇచ్చారు. ప్యాంగ్యాంగ్‌కు తూర్పు యెరూషలేమని పేరు వచ్చింది. ఇంతవరకు మన ప్రసంగీకులు చెబుతారు. ఇక్కడ ఆపేస్తారు.

అదే నగరంలో, 1938 సెప్టెంబరులో, కొరియా ప్రెస్బిటేరియన్ సంఘపు జనరల్ అసెంబ్లీ సమావేశమైంది. జపాను పాలకుల షింటో మందిరాల ముందు వంగి నమస్కరించడం పాపం కాదని తీర్మానించింది. ప్రతినిధుల పక్కన పోలీసులు కూర్చున్నారు. అధ్యక్షుడు ఔనన్నవారిని మాత్రమే అడిగాడు, కాదన్నవారిని అడగనే లేదు. ఒప్పుకోనివారు జైళ్ళకు వెళ్ళారు. వారిలో పాస్టర్ జు గిచాల్ 1944లో జైల్లోనే మరణించాడు. ఇంతమంది మీద తుపాకీ ఉన్నప్పుడు వంగినవారిని నేను ఏమీ అనలేను. నన్ను ఆపే ఘట్టం దాని తరవాతిది. 1945లో విడుదలైనవారు బయటికి వచ్చి, మందిరం ముందు వంగిన పాస్టర్లు కనీసం రెండు నెలలు సేవనుంచి తప్పుకుని పశ్చాత్తాపపడాలని కోరారు. రెండంటే రెండు నెలలు. 1938 సభకు అధ్యక్షత వహించిన పాస్టరే దానికి అడ్డుచెప్పాడు. జైలుకు వెళ్ళినవారెంత కష్టపడ్డారో బయట ఉండి సంఘాన్ని కాపాడినవారూ అంతే కష్టపడ్డారు, పశ్చాత్తాపం ఎవరికి వారు దేవుడితో నేరుగా తేల్చుకోవాల్సిన విషయం అన్నది ఆయన వాదన. ఆ తీర్మానాన్ని సంఘం అధికారికంగా రద్దు చేసుకునేసరికి 1954 వచ్చింది. ఈలోగా సంఘం చీలడం మొదలైంది.

1907 నాటి ఉజ్జీవం బూటకమని నేను అనను. జు గిచాల్‌లాంటివారు ఆ నేలలోంచే వచ్చారు. కానీ ఆ సంఘం వ్యక్తులుగా ఏడవడం నేర్చుకుంది, సంఘంగా తలవంచడం నేర్చుకోలేదు. సభ పెట్టి, చేతులెత్తి, తీర్మానంగా చేసిన పాపాన్ని ఎవరి గదిలో వారు మోకరించి కడుక్కోమనడం ఎలా కుదురుతుంది? తీర్మానం సభలో జరిగింది, ఒప్పుకోలూ సభలోనే జరగాలి.

మన కథకు ఇంకా దగ్గరగా వచ్చేది దక్షిణాఫ్రికా. అక్కడి డచ్ రిఫార్మ్డ్ సంఘంలో 1829లో ఒక ప్రశ్న వచ్చింది: ప్రభురాత్రి భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్ల, తెల్లవారికీ, నల్లవారికీ వేరువేరుగా ఇవ్వవచ్చా? కూడదు, బల్ల ఒక్కటే అని కేప్ ప్రాంతపు సినడ్, అంటే సంఘ పాలక సభ, చెప్పింది. 1857లో అదే సినడ్ మాట మార్చింది. అన్యజనుల్లోంచి వచ్చినవారిని ఉన్న సంఘాల్లోనే చేర్చుకోవడం వాంఛనీయం, లేఖనానుసారం అని ముందు ఒప్పుకుంది. అయితే కొందరి బలహీనత వల్ల అది సువార్తకు అడ్డమైతే వేరే కట్టడంలో ఆరాధించుకోవచ్చంది. కొందరి బలహీనత! నల్లవారి పక్కన కూర్చోలేకపోవడం పాపంగా కాక నలతగా నమోదైంది. 1881లో తెల్లవారు కానివారికి వేరే మిషను సంఘమే ఏర్పాటు చేశారు. ఆ నలత కోసం తెరిచిన వాకిలిలోంచి, ఇరవయ్యో శతాబ్దంలో, వర్ణవివక్ష దైవచిత్తమనే సిద్ధాంతం లోపలికి వచ్చింది.

అలా వేరుచేసిన ఆ మిషను సంఘమే 1982లో కేప్‌టౌన్ శివారులోని బెల్హార్‌లో ఒక ఒప్పుకోలును రాసింది, 1986లో దాన్ని విశ్వాస ప్రమాణంగా స్వీకరించింది. ఐక్యత, సమాధానం, న్యాయం దాని మూడు స్తంభాలు. 1990 నవంబరులో రుస్టెన్‌బర్గ్ సమావేశంలో వేదాంతి విల్లీ యోంకర్ నిలబడి తన తరఫునే కాక తన తెల్లవారి సంఘం తరఫున కూడా ఆ పాపాన్ని ఒప్పుకున్నాడు. నల్లజాతి ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ లేచి ఆ ఒప్పుకోలును అంగీకరిస్తున్నానన్నాడు. అంత తొందరగా అంగీకరించే అధికారం నీకెవరిచ్చారని అక్కడే కొందరు నల్లజాతి ప్రతినిధులు గొణిగారు. ఆ గొణుగుడు విలువైనదని నేననుకుంటాను. ఎందుకంటే తెల్లవారి సంఘం బెల్హార్ ఒప్పుకోలును కూడా తన ప్రమాణాల్లో చేర్చుకుంటుందా అన్న ప్రశ్న ఆ తరవాత ప్రాంతీయ సినడ్ల ముందుకు వెళ్ళినప్పుడు, కావాల్సినంత మద్దతు దొరకలేదు. మాట వచ్చింది, బల్ల ఇంకా పూర్తిగా కలవలేదు.

మన దగ్గర ఈ కొందరి బలహీనత కథ వేరే దారిలో నడిచింది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, సంఘంలో కుల భేదాలను వెంటనే, పూర్తిగా విడిచిపెట్టాలని దక్షిణాది సంఘాలకు లేఖ రాశాడు. తంజావూరు ప్రాంతంలో చాలామంది సంఘాన్నే విడిచిపెట్టారు, కులాన్ని కాదు. తెలుగునేలమీద ఈ పరీక్ష ఒంగోలులో వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. పైకులాల వారు కొందరు ఆయన బంగళాకు వచ్చి ఆసక్తిగా వినేవారు. ఇంతలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ద్వారా అతని కులంవారు రావడం మొదలైంది. వారిని చేర్చుకుంటే మేం రామని మొదటివారు చెప్పేశారు. క్లౌ దంపతులు ఇద్దరూ వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయులకు ఒకటో అధ్యాయంలోని ఒకే భాగం, లోకం నీచులుగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం ఎదురైందని ఆయన తరవాత చెప్పుకున్నారు. పేరయ్య వైపు నిలబడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం గుత్తకు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. కూడు కోసం వచ్చారన్న మాట పడకుండా ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తరవాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను మేం చిన్నప్పటినుంచి పాటలా వల్లిస్తాం. వల్లించని భాగం ఇది: సువార్త బంధుత్వాల దారుల్లో నడిచింది. పేరయ్య తనవారి ఊళ్ళకే వెళ్ళాడు, ఎవరైనా అలాగే వెళతారు. మిషన్లు కూడా తమలో తాము ప్రాంతాలు పంచుకున్నాయి. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లోకి ఎక్కువగా మాదిగలు, 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చిన గుంటూరు వైపు లూథరన్లలోకి ఎక్కువగా మాలలు వచ్చారు. రెండు శాఖలూ కలిసిన ఊళ్ళలో ఆ పల్లెకొక చర్చి, ఈ పల్లెకొక చర్చి లేచాయి. ఎవరూ 1857 నాటి కేప్ సినడ్‌లాగా తీర్మానం చేయలేదు. చేయనవసరం లేకపోయింది. తీర్మానం లేదు కాబట్టి రద్దు చేసుకోవడానికీ ఏమీ లేదన్నట్టు నూటయాభై ఏళ్ళుగా కూర్చున్నాం.

ఈ మాట ఎత్తినప్పుడల్లా నాకు మూడు జవాబులు ఎదురవుతాయి.

మొదటిది యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం. తండ్రి దోషాన్ని కొడుకు మోయడు, ఎవరి పాపం వారిదే. నిజమే, శిక్ష విషయంలో యెహెజ్కేలు చెప్పింది న్యాయం. కానీ దానియేలు తొమ్మిదో అధ్యాయం చదవండి. యెరూషలేము నాశనమయ్యేనాటికి దానియేలు ముందే చెరలో ఉన్న యువకుడు, ఆ పాపాల్లో అతని చేతివాటం ఏమీ కనబడదు. అయినా ప్రార్థన పొడుగునా వారు అనడు, మేము అంటాడు. తాతల దోషం మనకు అంటదు సరే, తాతలు కట్టిన రెండు చర్చిలు మనకు అంటాయి కదా. వాటి తాళాలు మన దగ్గరే ఉన్నాయి.

రెండోది కొంచెం భయంతో వచ్చే జవాబు. బయట వాతావరణం మనకు బాగాలేదు, ఇలాంటప్పుడు ఇంటి గుట్టు వీధిలో పెడతామా అంటారు. ఈ భయాన్ని తేలికగా తీసేయను. దీనికి చట్టం కూడా తోడైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు, ఆంధ్రప్రదేశ్‌లో అతనికి దక్కేది బీసీ-సీ కింద 1 శాతం. కాబట్టి సర్టిఫికెట్‌లో ఒక మాట, ఆదివారం ఇంకో మాట. కులం గురించి చర్చిలో బిగ్గరగా మాట్లాడటం అంటే ఎవరి బిడ్డ ఉద్యోగానికి ఎసరొస్తుందోనన్న గుబులు. అయినా భయానికి జవాబు ఉంది. 1945 అక్టోబరులో, దేశం శిథిలాల్లో ఉండగా, జర్మన్ ఎవాంజెలికల్ సంఘపు నాయకులు స్టుట్‌గార్ట్‌లో విదేశీ సంఘాల ప్రతినిధుల ముందు దోషాన్ని ఒప్పుకున్నారు. సంతకం చేసినవారిలో నాజీల నిర్బంధ శిబిరాల్లో ఏళ్ళ తరబడి గడిపిన మార్టిన్ నీమొల్లర్ కూడా ఉన్నాడు. ఈ కాగితం పట్టుకుని గెలిచినవారు మనల్ని పీల్చి పిప్పి చేస్తారు, మొదటి యుద్ధం తరవాత జరిగింది మరిచారా అని సొంత జనమే వారిమీద విరుచుకుపడ్డారు. ఆ కాగితంలో నన్ను కలవరపెట్టేది వేరు. యూదుల పేరు అందులో ఒక్కచోటా లేదు. ఇంకా ధైర్యంగా సాక్ష్యమివ్వలేదు, ఇంకా నమ్మకంగా ప్రార్థించలేదు అని ఉంది. చంపబడినవారి పేరు పలకడానికి ఆ సంఘానికి 1950 నాటి వైసెన్సీ సినడ్ దాకా పట్టింది. ఉపవాస ప్రార్థనల్లో మనం వాడే భాషకు ఇది ఎంత దగ్గర! మేం ఇంకా ఎక్కువగా ప్రార్థించాల్సింది ప్రభువా అంటాం. ఎవరిని పక్కన కూర్చోనివ్వలేదో చెప్పం.

మూడో జవాబు దగ్గర నేను తడబడతాను. తెలుగు సంఘంలో అత్యధికులు దళితులు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు చూసినవారు, చచ్చినవారిని పాతిపెట్టుకున్నవారు. వారిని నిలబెట్టి పశ్చాత్తాపపడమంటావా, నీకు మనసెలా వచ్చింది అని మా మామగారి తరం పెద్దాయన ఒకరు నన్ను అడిగారు. ఆయన ముందు కేప్ సినడ్ ఉదాహరణ పనికిరాదు. అక్కడ పాపం చేసినవారి చేతిలో రాజ్యం ఉంది. ఇక్కడ మెట్లున్నాయి. అంబేడ్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇదే: ప్రతి మెట్టువాడికీ తన కింద ఒకరు దొరుకుతారు, అందుకే మెట్లు కూలవు.

అందుకే నేను మళ్ళీ నెహెమ్యా ఐదుకు వెళతాను. అక్కడ అప్పులిచ్చినవారు రాజులు కారు, చెరనుంచి వచ్చినవారే. వారూ పన్ను కట్టేవారే, వారూ పరాయి ఏలుబడిలో ఉన్నవారే. బాధితులు కావడం వారిని వడ్డీ వ్యాపారం నుంచి ఆపలేదు. మీరూ బాధపడ్డారు కాబట్టి మీ జోలికి రానని నెహెమ్యా అనలేదు. అలాగని పారసీక రాజు పన్నునూ, పొరుగువాడి వడ్డీనీ ఒకే గాటన కట్టలేదు. మనకూ ఆ తేడా తెలియాలి. మూడు వందల ఏళ్ళ కిందట జెజూయిట్ల కాలం నుంచి కతోలికులైన రెడ్డి, కమ్మ కుటుంబాలు సంఘానికి బాకీ ఉన్న ఒప్పుకోలు వేరు, మాల మాదిగ సంఘాలు ఒకరికొకరు బాకీ ఉన్నది వేరు. మొదటిది పెద్దది. పెద్దదాన్ని చూపించి రెండోదాన్ని వాయిదా వేయడం మాత్రం చెల్లదు. మాదిగ దండోరా 1994లో లేవనెత్తిన ఎస్సీ వర్గీకరణ ప్రశ్నమీద సర్కార్లు కమిషన్లు వేశాయి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. ముప్పై ఏళ్ళలో అసెంబ్లీలు మాట్లాడిన విషయం మీద మన సినడ్లు ఎన్ని గంటలు మాట్లాడాయి?

కతోలిక సంఘం ఒక అడుగు వేసింది. 2016లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళితుల గురించి విధాన పత్రం విడుదల చేసి, కుల వివక్షను ఘోరమైన సాంఘిక పాపంగా పేర్కొంది. 2022 ఆగస్టులో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటివారు ఆయనే. సంతోషించాను. పైన ఒకరికి ఆసనం వేసినంత మాత్రాన కింద పంక్తులు కలిసిపోవు గానీ, పాపం అనే మాటను బలహీనత అనకుండా పాపమనే రాశారు. ప్రొటెస్టెంటులమైన మనం ఆ పని ఇంకా చేయాల్సే ఉంది.

ఏం చేయమంటావు అని అడిగేవారికి నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. ఒక్క శ్రమకాలానికి, ఒక్క పాస్టరేటుకు, అంటే ఒక పాస్టరు కిందుండే సంఘాలకు, సరిపడే పని చెబుతాను. బయటినుంచి ప్రసంగీకుణ్ణి పిలవకండి. నలభై రోజుల్లో ఒక వారం సంఘం తన సొంత పుస్తకాలు తానే చదువుకోవాలి: పెళ్ళిళ్ళ రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, కమిటీ మినిట్లు, ఆస్తుల దస్త్రాలు. నెహెమ్యా కాలంలో పగటిలో నాలుగోవంతు చదవడానికే పెట్టారు కదా, ఆ నాలుగోవంతు ఇదే. సమాధుల రిజిస్టరు చదివితే సగం ప్రసంగం దానంతటదే అయిపోతుంది. తరవాతి వారం ఇరుగుపొరుగు సంఘాలు రెండూ కూర్చుని, ఎక్కువ చోటు ఎవరిదో, ఎక్కువ సీట్లు ఎవరివో, ఏది వదులుకోవాలో రాసుకోవాలి. సమాధుల తోట ఒక్కటి చేయడం ఒక ఊళ్ళో కుదరవచ్చు, కమిటీ అధ్యక్ష పదవి వంతులవారీగా పెట్టుకోవడం ఇంకో ఊళ్ళో కుదరవచ్చు. ఏదీ కుదరని ఊళ్ళో, నెలకొకసారి బల్ల ఒకే చర్చిలో. మంచి శుక్రవారం నాడు రెండు ఆరాధనలు పెట్టుకున్నా అభ్యంతరం లేదు గానీ, అలా పెట్టుకున్నందుకు కారణం ఆ రోజు బలిపీఠం దగ్గర బిగ్గరగా చదవాలి.

రాసుకున్నదానిమీద సంతకాలు పెట్టాలి. నెహెమ్యా పదో అధ్యాయం మొదటి సగమంతా సంతకాల జాబితా. చదవడానికి విసుగనిపించి మనం దాటేస్తాం. దాని కింద ఏం చేస్తామో ఒక్కొక్కటే రాశారు: విశ్రాంతిదినాన సరుకులు కొనం, ఏడో ఏట బాకీలు వదిలేస్తాం, ఆలయానికి ఏటా తులంలో మూడోవంతు ఇస్తాం. జాబితాలో మొట్టమొదటి ముద్ర గవర్నరు నెహెమ్యాది. తరవాత యాజకులు, తరవాత లేవీయులు, తరవాత పెద్దలు. సామాన్య జనం ఆఖరున వచ్చారు. మా పాస్టరేటులో ఇలాంటి కాగితం తయారైతే ఆ వరుసను మార్చనివ్వను. మొదటి గీతమీద బిషప్ గారు, రెండోదానిమీద అయ్యగారు, మూడోదానిమీద కోశాధికారి. ఆ మూడు సంతకాలూ పడ్డాక పెన్ను ఇటు పంపించండి.